ఏటి మూతి దగ్గర ఏడు చెట్లు

"మంగళవారం సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది దాకా ఎక్కడున్నారు?"

"నా గదిలో."

"అబద్ధమైనా కాస్త ఆలోచించి చెప్పాలి ఫ్లెచర్ గారూ. ఇది నాలుగు వందల మంది ఊరు. ఆరుంపావుకి ఇర్మా దగ్గర వాళ్ళాయన మంచుబండి అద్దెకి తీసుకున్నారు. ఎనిమిదికి తిరిగిచ్చారు. పెట్రోలు నింపలేదు. అందుకే ఇర్మాకి నిమిషాలతో సహా గుర్తుంది."

లయొనెల్ ఫ్లెచర్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. అద్దాలు శుభ్రంగానే ఉన్నాయి. సార్జెంట్ థెల్మా మూనియాస్ ఆ సంగతి కూడా పుస్తకంలో రాసుకుంది. ఆమెకి యాభై రెండేళ్ళు. అందులో ఇరవై ఆరేళ్ళు ఈ అనిషినాబే ఆదివాసుల ఊరికి పోలీసుగానే గడిచాయి. తుడవాల్సిన పని లేని అద్దాలు తుడిచేవాళ్ళని చాలామందిని చూసింది.

"సరస్సు చూద్దామని వెళ్ళాను. అదేం నేరం కాదుగా?"

"చీకట్లో ఏం చూశారు?"

"రోడ్డు వచ్చే చోటు. ఎలైజా గారు సంతకం పెట్టారని సాయంత్రం నాలుగున్నరకి కాగితం నా మెయిలుకి వచ్చింది. రెండేళ్ళు తిరిగాను ఆ సంతకం కోసం. సంతోషం పట్టలేక..."

"ఆ సంతోషం పదిహేను గంటలు కూడా నిలవలేదు. బుధవారం పొద్దున ఆయన మంచు విరిగి సరస్సులో పడి చనిపోయాడు."

"దానికీ నాకూ సంబంధం లేదు!"

"ఉందని నేనన్నానా?" అంది థెల్మా. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడం ఏ దేశం మనిషికైనా ఒక్కటే.

ఫ్లెచర్ పట్నం మనిషి. గనుల దాకా వేసే రోడ్డులో, కరెంటు లైన్లలో అక్కడి ఆదివాసులు కూడా భాగం పంచుకోవాలని సర్కారు గ్రాంట్లు ఇస్తుంది. ఆ గ్రాంట్ల దరఖాస్తులు రాసిపెట్టడం అతని వృత్తి. ఈ ఊరికి రావాల్సిన గ్రాంటుకి ఒక్క షరతు మిగిలింది. రోడ్డు ఎవరి వేట నేల మీదుగా పోతుందో ఆ పెద్దమనిషి, "నా నేలలో ఈ దారి వెంట సమాధులు లేవు, నాకు అభ్యంతరం లేదు" అని రాసివ్వాలి. శుక్రవారం ఆఖరు రోజు. ఇవాళ గురువారం.

ఆ పెద్దమనిషి ఎలైజా వబాస్. వయసు డెబ్భై తొమ్మిది. ఆ దారిలో పడవలు భుజాన మోసుకుపోయే చోట పదకొండు సమాధులున్నాయి. విషజ్వరం వచ్చిన ఏడాది పోయినవాళ్ళవి. వాటిలో ఒకటి థెల్మా అమ్మమ్మది. సమాధులు లేవని ఎలైజా తాత రాసిచ్చాడంటే, సరస్సులో చేపల్లేవని రాసిచ్చినట్టే.

"తాతని మీరెప్పుడైనా నేరుగా అడిగారా?"

"అడిగాను. పెద్దల్ని ఏదైనా అడగాలంటే పొగాకు ఇవ్వాలని ఎవరో చెబితే, ఒక పెట్టె సిగరెట్లు కొని, రంగు కాగితం చుట్టి, రిబ్బను కట్టించుకెళ్ళాను."

"ఏమన్నాడు?"

"'పుట్టినరోజు నాది కాదు నాయనా' అన్నాడు. ముట్టుకోలేదు."

థెల్మాకి నవ్వు వచ్చింది. నాన్న పోయాక తనకీ చెల్లెలికీ ఆరేళ్ళు చేపలు తెచ్చిపోసిన మనిషి ఎలైజా. నోటినిండా జోకులు ఉండేవి. ఇప్పుడు నర్సు గది వెనక చల్లటి కొట్లో, తెల్ల దుప్పటి కింద ఉన్నాడు.

"ఊరు కదలకండి," అంది లేస్తూ.

"మూడింటికి విమానముంది!"

"విమానముంటే ఉండనీయండి. మీకు లేదు."

* * *

కాగితం మీద సాక్షి సంతకం బెర్నడెట్‌ది. ఊరి భూముల ఆఫీసు చూసేది ఆమే. థెల్మాకి స్వయానా చెల్లెలు.

థెల్మా వెళ్ళేసరికి బెర్నడెట్ పొయ్యి పక్కన కూర్చుని ఎర్రపొద బెరడు గీకుతోంది. పొయ్యి రేకు మీద అప్పటికే గీకిన బెరడు ఎండుతోంది. పక్కన సీసాలో అడవి పుదీనా ఉంది. ఊళ్ళో ప్రతి ఇల్లూ పొగాకులో బెరడు కలుపుకుంటుంది కానీ, పుదీనా కలపడం వాళ్ళమ్మ పద్ధతి. ఎవరికీ చెప్పేది కాదు. చివరి రోజుల్లో ఇద్దరు కూతుళ్ళకీ చెరొక తోలు సంచీ ఇచ్చి, పాళ్ళు చెవిలో చెప్పి పోయింది.

"తాత కోసమా?" అంది థెల్మా.

"రేపు పూడ్చేటప్పుడు కావాలిగా. నీ సంచీ ఇలా ఇయ్యి, నింపుతాను."

"నా దగ్గరుంది. కూర్చో. నేనిప్పుడు అక్కగా రాలేదు."

"బూట్లు విప్పకుండా లోపలికి వచ్చినప్పుడే తెలిసింది," అంది బెర్నడెట్. లేచి టీ పోసింది, బానక్ రొట్టె ముక్క పక్కన పెట్టింది. పోలీసులా వచ్చినా అక్క అక్కే.

"మంగళవారం తాత ఆఫీసుకి ఎప్పుడొచ్చాడు?"

"నాలుక్కి. నర్సు దగ్గర కళ్ళు చూపించుకుని వచ్చాడు. సంతకం పెట్టాడు. ఐదుకి సరస్సు అవతల తన గుడిసెకి వెళ్ళిపోయాడు."

"రెండేళ్ళు కాదన్నవాడు ఒక్క పూటలో ఎలా ఔనన్నాడు?"

"మనసు మారింది."

"పెడుతుంటే నువ్వు చూశావా?"

బెర్నడెట్ కత్తి ఆగింది. మళ్ళీ కదిలింది. "చూశాను."

ఆ ఆగడం థెల్మా చూసింది. చూసి, దానికి తనే ఒక అర్థం చెప్పుకుంది. ఫ్లెచర్ ఎక్కడినుంచో సంతకం ఉన్న కాగితం పట్టుకొచ్చి ఉంటాడు, 'సాక్షి గడిలో గీకెయ్యమ్మా' అని ఉంటాడు, ఇది గీకేసి ఉంటుంది. చిన్న అబద్ధం. దాని వెనక పెద్ద దొంగ ఫ్లెచర్.

"అలా చూడకక్కా. నాకీ రోడ్డు కావాలి. దాచుకోను," అంది బెర్నడెట్. గోడ మీద ఆమె కన్న బిడ్డ ఫొటో లేదు. ఫొటో తీసేంత కాలం ఆ బిడ్డ బతకలేదు. "మూడు రోజులు పొగమంచు. మూడు రోజులూ విమానం మన నెత్తి మీద తిరిగి తిరిగి వెనక్కి పోయింది. దారి ఉండుంటే ఆరు గంటల్లో ఆసుపత్రి. చచ్చిపోయినవాళ్ళు పదకొండు మంది ఆ మట్టిలో ఉన్నారని, బతకాల్సినవాళ్ళని ఎంతమందిని కలుపుదాం అందులో?"

"రోడ్డు చుట్టూ తిప్పి వెయ్యమని తాత అన్నాడు. వద్దనలేదు."

"తిప్పితే కొత్త సర్వే, కొత్త దరఖాస్తు. మూడేళ్ళు! మూడేళ్ళలో ఈ ఊళ్ళో ఎందరు ఆడవాళ్ళు కంటారో లెక్క చెప్పనా?"

థెల్మా టీ సగం తాగి లేచింది. అడగాల్సిన ప్రశ్న ఇంకొకటి ఉందని ఎక్కడో తోచింది. కానీ చెల్లెలి కళ్ళు ఎర్రగా ఉన్నాయి. అది ఏడుపే అనుకుంది.

"చలి ఎక్కువగా ఉంది. ఎటు వెళ్తున్నావు?"

"సరస్సు మీదకి."

"నిన్న మంచు కురిసింది. అక్కడేముంటుంది ఇంక?" అంది బెర్నడెట్.

* * *

పోలీసు గదిలో ఇన్‌స్పెక్టర్ స్టూవర్ట్ ప్రెంటిస్ అప్పటికే కాగితం నింపేసి, కలానికి మూత పెడుతున్నాడు. ప్రావిన్సు పోలీసు. చావు అనుమానంగా ఉంటే పైనుంచి వచ్చేది అతనే. నిన్న సాయంత్రం విమానంలో దిగాడు. దిగినప్పటినుంచి గడియారమే చూస్తున్నాడు.

"ప్రమాదం," అన్నాడు. "ముసలాయన, కళ్ళలో పొర, మసక చీకటి, పల్చటి మంచు. మీరు కూడా ఒక సంతకం పెడితే శవాన్ని కుటుంబానికి ఇచ్చేస్తాం."

"చూడకుండానే తేల్చేశారే! మీరు పోలీసా, జ్యోతిష్కుడా?"

"సార్జెంట్, నేను ఇలాంటివి ఏటా తొమ్మిది చూస్తాను."

"నేను ఎలైజాని ఏటా మూడు వందల అరవై ఐదు రోజులు చూశాను. పొర ఉంది నిజమే. ఆయనకి మనుషుల మొహాలు కనిపించవు. తెల్లటి మంచు మీద నల్లగా నిలబడ్డ చెట్టు మాత్రం కనిపిస్తుంది. మేము డిసెంబరులో సరస్సు మీద దారి పొడుగునా చిన్న దేవదారు చెట్లు నరికి పాతుతాం. ఆ చెట్ల వెంట వస్తే చాలు. ఏటి మూతి దగ్గర అడుగున ప్రవాహం ఉంటుంది, మంచు గట్టిపడదు. అందుకని దారి అక్కడికి రాకముందే దీవి వైపు మళ్ళుతుంది. అరవై ఏళ్ళుగా ఆయన ఆ మలుపు తిరుగుతున్నాడు. మంగళవారం సాయంత్రం ఐదుకి తిరిగాడు. బుధవారం పొద్దున ఏడుకి తిరగలేదు. ఎందుకు?"

"మరుపు."

"మరుపా? బుధవారం పొద్దున ఆరింటికి రేడియోలో ఊరంతా విన్నాం. 'పదింటికి హాలు సమావేశానికి వస్తున్నా. టీ ఎక్కువ కాయండి, నా మాట పొడుగు' అన్నాడు. ముందురోజే సంతకం పెట్టేసినవాడికి మాట పొడుగేమిటి?"

ప్రెంటిస్ చిరునవ్వు నవ్వాడు. "ఆశీర్వదించడానికేమో. చూడండి, మీరు ఆయన చేతి తిండి తిన్నారని విన్నాను. ఆ సమాధుల్లో మీ వాళ్ళున్నారనీ విన్నాను. అసలు ఈ కేసులో మీరుండటమే తప్పు. ఆ మాట నివేదికలో రాయకుండా వదిలేస్తున్నాను. దానికి థాంక్స్ చెప్పండి."

"రాయండి. రాసే ముందు ఒక్క గంట నాతో సరస్సు మీదకి రండి. నేను చెప్పింది అక్కడ లేకపోతే మీరెక్కడ పెట్టమంటే అక్కడ పెడతాను సంతకం."

ప్రెంటిస్ గడియారం చూశాడు. పన్నెండున్నర. "రెండుకి తిరిగొచ్చేయాలి."

* * *

రసెల్ కీజిక్ బండి నడిపాడు, వెనక కట్టిన చక్రాల్లేని చెక్కబండి మీద ఇద్దరు పోలీసులూ కూర్చున్నారు. బుధవారం మధ్యాహ్నం ఎలైజాని నీళ్ళలోంచి తీసినవాళ్ళలో రసెల్ ఒకడు. అప్పటినుంచీ ఎవరితోనూ సరిగా మాట్లాడటం లేదు.

సరస్సు మీద అడుగు పెట్టగానే థెల్మా చేతితొడుగు తీసి, తోలు సంచీలోంచి చిటికెడు పొగాకు మంచు మీద వేసింది. ప్రెంటిస్ చూసి, చూడనట్టు ఊరుకున్నాడు.

ఏటి మూతి దగ్గర నీటి గుంట మళ్ళీ పల్చగా గడ్డకట్టి ఉంది. రసెల్ ఇనప మొన ఉన్న కర్రతో పొడుస్తూ, ఎంతవరకు నిలబడవచ్చో గీత గీశాడు. గుంట చుట్టూ చిన్న దేవదారు చెట్లు అడ్డదిడ్డంగా పడి ఉన్నాయి. నిన్నటి మంచు వాటిని సగం కప్పేసింది.

"ఇవి మీరు పరిచినవేగా?" అడిగాడు ప్రెంటిస్.

"అవును. వాటి మీద పడుకుని పాకాం. బరువు ఒక్కచోట పడకుండా," అన్నాడు రసెల్.

"ఎక్కడ నరికారు రసెల్?" థెల్మా అడిగింది.

"నరకడమేంటి? గొడ్డలి ఎవడు తెచ్చాడు? ఇక్కడే వరసగా నిలబడి ఉన్నాయి. పీకి పడేశాం."

"ఏటి మూతి మీద చెట్లు ఎందుకున్నాయని నీకు అనిపించలేదా?"

రసెల్ నోరు తెరిచాడు. మూయలేకపోయాడు. "తాత చెయ్యి నీళ్ళలోంచి కనిపిస్తోంది థెల్మా. నాకింకేం అనిపిస్తుంది?"

థెల్మా ఒక చెట్టు లాగి, మంచు దులిపి, మొదలు ప్రెంటిస్ మొహం ముందు పెట్టింది. కోత తెల్లగా, రంపం పళ్ళ గీతలతో ఉంది. జిగురు చుక్కలు కట్టింది. చెట్టు నిండా ఆకు. "డిసెంబరులో పాతినవి ఇలా ఉండవు. మూడు నెలల గాలికి ఆకు సగం రాలుతుంది, కోత బూడిద రంగుకి తిరుగుతుంది. అవిగో, వెనక మనం దాటి వచ్చినవి చూడండి." లెక్కపెట్టింది. "ఏడు. ఏడూ కొత్తవి."

"పాతవి విరిగితే ఎవరో కొత్తవి పెట్టి ఉంటారు."

"ఏటి మూతి మీదా? సరే. మలుపు దగ్గరికి రండి."

మలుపు వంద అడుగుల వెనక ఉంది. అక్కడ దారి దీవి వైపు తిరగాలి. దీవి వైపు ఒక్క చెట్టూ లేదు, అంతా తెల్లగా చదునుగా ఉంది. థెల్మా మోకాళ్ళ మీద కూర్చుంది. ఆ మోకాళ్ళు రెండేళ్ళుగా ఆమె మాట వినడం లేదు. అయినా చేతులతో మంచు తోడింది. జానెడు లోతున గట్టి మంచులో బిగుసుకున్న మొద్దు తగిలింది. అడుగంటా రంపంతో కోసేశారు. పాతిక అడుగులు పోయి మళ్ళీ తోడింది. మరొకటి. మూడోది ప్రెంటిస్ తనే తోడాడు.

నాలుగోది తోడేటప్పటికి అతని మొహం మారిపోయింది. "దారి మార్చారు," అన్నాడు మెల్లగా.

"మలుపు దారి కోసేసి, తిన్నగా చావులోకి కొత్త దారి పాతారు. సాయంత్రం ఐదుకి తాత క్షేమంగా దాటాడు. పొద్దున ఏడుకి పడ్డాడు. మధ్యలో పద్నాలుగు గంటలు. ప్రమాదం అని రాసిన కాగితం పొయ్యిలో వేస్తారా, నేను వెయ్యనా?"

ప్రెంటిస్ లేచి మోకాళ్ళు దులుపుకున్నాడు. మంచివాడో చెడ్డవాడో గానీ, మూర్ఖుడు కాదు. ఓడిన చోటే గెలవడం మొదలుపెట్టేశాడు. "మంగళవారం ఆరుంపావు నుంచి ఎనిమిది. అద్దె మంచుబండి. గ్రాంటు వస్తే అందులో వాటా. మీ ఫ్లెచర్."

"నేను కూడా ఉదయం నుంచీ అదే అనుకుంటున్నాను," అంది థెల్మా.

"ఆ ఇర్మా వాళ్ళ బండి డబ్బాలో రంపం ఉంటుందా?"

"ఇక్కడ ప్రతి బండి డబ్బాలోనూ రంపం ఉంటుంది," అన్నాడు రసెల్.

"సరిపోయింది!" ప్రెంటిస్ రేడియో తీశాడు. అతని గొంతులో తొందర వినిపించింది. మూడింటి విమానంలో చేతికి బేడీలున్న మనిషిని పక్కన కూర్చోబెట్టుకుని పోవచ్చు. ప్రమాదం కంటే హత్య బాగుంటుంది పత్రికల్లో.

"ఆగండి. ఏడు కొత్త చెట్లు ఎక్కడ నరికారో చూద్దాం. అడుగుజాడలు నిన్నటి మంచు తినేసింది కానీ మోళ్ళు ఎక్కడికీ పోవు." థెల్మా దీవి వైపు నడిచింది.

* * *

దీవి అంచునే దొరికాయి. ఏడు మోళ్ళు, దగ్గర దగ్గరగా. మంచు కప్పేసి చిన్న బుడిపెల్లా ఉన్నాయి.

థెల్మా మొదటి దాని మీద మంచు చేత్తో జాగ్రత్తగా తీసింది. పైపొర నిన్నటిది, మెత్తగా ఉంది. కింద మంగళవారం కురిసినది, గట్టిపడింది. అది ఆగింది సాయంత్రం ఐదుకి. ఆ రెండు పొరల మధ్య రంపపు పొట్టు పసుపుగా పరుచుకుని ఉంది. అంటే నరికింది మంగళవారం ఐదు తర్వాత, బుధవారం మంచు మొదలవకముందు. టైము అతికినట్టు సరిపోయింది. ఫ్లెచర్‌కి ఉరితాడు పేనినట్టే ఉంది.

పొట్టు పక్కన ఇంకేదో ఉంది. మోడు మొదట్లో, గోధుమరంగు చిటికెడు.

ఆమె రెండో మోడు తుడిచింది. అక్కడా ఉంది. మూడోది. నాలుగోది. ఏడింటి దగ్గరా, ఒక్కటీ తప్పకుండా, చిటికెడు పొగాకు.

థెల్మా వెనక్కి వచ్చి మొదటి మోడు దగ్గర వంగింది.

చెట్టు నరికితే చెట్టుకి చెప్పి నరకాలి. పొగాకు పెట్టి, 'నీ ప్రాణం తీసుకుంటున్నాను, ఏమీ అనుకోకు' అనాలి. ఈ ఊళ్ళో నడక నేర్చిన బిడ్డకి మొదట నేర్పేది అది. నేర్చాక చెయ్యి దానంతట అదే చేస్తుంది, బుర్రని అడగదు. సిగరెట్ల పెట్టెకి రిబ్బను కట్టించినవాడికి ఆ సంగతి తెలీదు. వాడు ఏడు చెట్లూ నరుక్కుని పోయేవాడు. మోళ్ళ దగ్గర ఏమీ ఉండేది కాదు. మనిషిని చంపడానికి వచ్చి కూడా చెట్టుకి మర్యాద చేయకుండా ఉండలేనివాళ్ళు పట్నంలో ఉండరు. ఈ ఊళ్ళోనే ఉంటారు.

చేతితొడుగు తీసింది. చలికి వేళ్ళు కాలినట్టయ్యాయి. చిటికెడు అరచేతిలోకి తీసుకుని, రెండో అరచేత్తో నలిపి, ముక్కు దగ్గర పెట్టుకుంది.

పుదీనా.

అమ్మ వంటగది వాసన. ఇవాళ పొద్దున బూట్లు విప్పకుండా తను నడిచి వెళ్ళిన గది వాసన.

ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈశ్వరుడి సంగతేమో గానీ, థెల్మా మూనియాస్ పట్టుకోలేకపోవడానికి ఒకటే కారణం. మంగళవారం సాయంత్రం ఎక్కడున్నావని ఫ్లెచర్‌ని అడిగింది. ఇర్మాని అడిగింది, రసెల్‌ని, పాస్టరుని అడిగింది. ఊళ్ళో ఒకే ఒక్క మనిషిని అడగలేదు. అడగాలని తోచింది కూడా. టీ తాగి లేచి వచ్చేసింది.

సంతకం దొంగది. బుధవారం పదింటికి రోడ్డు గురించి సమావేశమని ఊరందరికీ ముందే తెలుసు. తాత వచ్చి పదిమందిలో ఆ మాట చెప్పేస్తాడు. ఆయన రాకూడదు. ఆయన కళ్ళకి ఏం కనిపిస్తుందో, ఏం కనిపించదో తెలిసినవాళ్ళే ఈ పని చేయగలరు. చిన్నప్పుడు ఆయన వేలు పట్టుకుని ఇదే మలుపు తిరిగినవాళ్ళు.

వెనక ప్రెంటిస్ రేడియోలో చెబుతున్నాడు. "ఫ్లెచర్‌ని గదిలోంచి కదలనివ్వద్దు. అవును, హత్య. నేను రెండుకల్లా వస్తున్నాను."

గాలి లేచింది. అరచేయి కాస్త వాలిస్తే చాలు, చిటికెడు పొగాకు ఎటో పోతుంది. మిగతా ఆరింటి మీద కాలితో మంచు తోస్తే చాలు. ఫ్లెచర్ మీద ఎవరికీ జాలి లేదు, అతని కోసం ఈ ఊళ్ళో ఎవరూ ఏడవరు. బిడ్డని పోగొట్టుకున్న చెల్లెలు ఇంట్లో ఉండిపోతుంది. శుక్రవారం గ్రాంటు వస్తుంది. అమ్మమ్మ మీదుగా రోడ్డు పోతుంది. ఎలైజా తాత, సమాధులు లేవని అబద్ధం రాసిచ్చినవాడిగా మట్టిలోకి వెళ్తాడు.

చెట్లు ఏడూ వెళ్ళిపోయే ముందు ఒక మాట చెప్పించుకున్నాయి. తాతకి ఆ మాత్రం కూడా దక్కలేదు. అది తలుచుకోగానే థెల్మాకి దుఃఖం కాదు, కోపం వచ్చింది. గుప్పిట బిగించింది.

"ప్రెంటిస్! ఫ్లెచర్ కాదు."

అతను రేడియో దించాడు. "ఏమిటిప్పుడు?"

"ఇలా రండి. ఇది వాసన చూడండి." గుప్పిట అతని ముక్కు దగ్గర విప్పింది. తర్వాత తన నడుముకున్న తోలు సంచీ మూతి తీసి పెట్టింది. "ఇప్పుడిది."

ప్రెంటిస్ రెండూ చూశాడు. మళ్ళీ చూశాడు. అతని కళ్ళు ఏడు మోళ్ళ మీదుగా పోయి ఆమె మొహం మీద ఆగాయి. చెయ్యి తెలియకుండానే తుపాకీ దగ్గరికి వెళ్ళింది. "ఇది మీ పొగాకు సార్జెంట్."

"మా అమ్మ పొగాకు. కలపడం తెలిసినవాళ్ళం ఇద్దరమే. మంగళవారం సాయంత్రం ఐదు నుంచి మర్నాడు పొద్దున్న దాకా నేను నర్సు గదిలో ఉన్నాను, మోకాలికి సూది వేయించుకుని. నర్సుని అడగండి. అక్కడే పడుకోబెట్టారు."

"రెండో మనిషి?"

థెల్మా గుప్పిట మళ్ళీ మూసింది. పేరు చెప్పడానికి నోరు తెరిచింది. ముప్పై ఏళ్ళ క్రితం, ఇదే సరస్సు ఒడ్డున, ఆ పేరు పెట్టి అరిచి అన్నానికి పిలిచేది. ఇప్పుడు అది నాలుక మీద కదలలేదు.

"థెల్మా," అన్నాడు రసెల్. "ఎవరో వస్తున్నారు."

ఊరి వైపు నుంచి ఎర్ర మంచుబండి. వెనక టీ ఫ్లాస్కు కట్టి ఉంది, ఎండకి మెరుస్తోంది. చలి ఎక్కువగా ఉందని పొద్దున అన్నది. అక్కకి టీ తెస్తోంది.

బండి మలుపు దగ్గర ఆగింది. తోడేసిన మంచు, బయటపడ్డ కోత మొద్దులు నాలుగు. బెర్నడెట్ వాటిని చూసింది. తలెత్తి దీవి వైపు చూసింది. మోళ్ళ మధ్య నిలబడ్డ అక్కని, బిగించిన గుప్పిటని చూసింది. ఇంత దూరం నుంచి మొహం కనిపించదు. నిలబడ్డ తీరు చాలు, ఇద్దరికీ అంతా తెలిసిపోయింది.

"బెర్నీ! అక్కడే ఉండు! నేనొస్తున్నా, కదలకు!"

బెర్నడెట్ బండి దిగింది. వెనక కట్టిన ఫ్లాస్కు తాడు విప్పి, దాన్ని మలుపు దగ్గర మంచులో నిటారుగా నిలబెట్టింది. మళ్ళీ ఎక్కింది. ఇంజిను గట్టిగా మోగింది. బండి దీవి వైపు తిరగలేదు, ఊరి వైపూ తిరగలేదు. తిన్నగా ఏటి మూతి వైపు కదిలింది.

"అక్కడ మంచు ఆగదు!" రసెల్ అరిచాడు.

ఆ సంగతి చెల్లెలి కంటే బాగా ఎవరికి తెలుసు? థెల్మా అప్పటికే దీవి దిగి సరస్సు మీద పరిగెడుతోంది. మాట వినని మోకాళ్ళు ఇవాళ విన్నాయి. పేరు పెట్టి అరుస్తోంది, చిన్నప్పుడు అన్నానికి పిలిచినట్టే. కుడి గుప్పిట మాత్రం ఇంకా బిగించే ఉంది.